ఏడు సుత్తి దెబ్బలు: పసిపిల్లలకి భయం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ రోజు ఎపిసోడ్ భయాల గురించి. బల్లి అంటే భయం, చీకటి అంటే భయం, సూది అంటే భయం... మనందరికీ ఏదో ఒకటి ఉంటుంది. ఇవి పుట్టుకతోనే వచ్చాయా, లేక మధ్యలో ఎక్కడో నేర్చుకున్నామా? వందేళ్ల క్రితం అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు ఈ ప్రశ్న పట్టుకుని ఒక పసివాడి మీద ప్రయోగం చేశారు. ఇవాళైతే ఏ ఎథిక్స్ కమిటీ దానికి పర్మిషన్ ఇవ్వదు. కానీ అది తెలుసుకోకుండా ఈ టాపిక్ అర్థం కాదు.

బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ. జాన్ బి. వాట్సన్ అక్కడ ప్రొఫెసర్, రోజలీ రేనర్ ఆయన దగ్గర పనిచేసే స్టూడెంట్. వీళ్లు 1920లో ఒక పేపర్ వేశారు. అందులో పిల్లాడి పేరు ఆల్బర్ట్ బి. వాళ్లమ్మ అక్కడి పిల్లల ఆసుపత్రిలో వేరేవాళ్ల బిడ్డలకి పాలిచ్చే పనిలో ఉండేది. అందుకే వీడు దాదాపు పుట్టినప్పటి నుంచీ ఆసుపత్రిలోనే పెరిగాడు. ఆరోగ్యంగా ఉండేవాడు, ఏడుపు చాలా తక్కువ. వీడికైతే పెద్దగా హాని జరగదులే అనుకునే ఎంచుకున్నామని వాళ్లే రాసుకున్నారు.

వాడికి తొమ్మిది నెలలప్పుడు తెల్ల ఎలుక, కుందేలు, కుక్క, కోతి, మాస్కులు, దూది, మండుతున్న న్యూస్‌పేపర్ అన్నీ చూపించారు. దేనికీ భయపడలేదు. తర్వాత తల వెనకాల ఒక ఉక్కు కడ్డీని సుత్తితో కొట్టారు. మొదటిసారి ఉలిక్కిపడ్డాడు. రెండోసారి పెదవులు వణికాయి. మూడోసారి ఏడ్చేశాడు. అంటే పెద్ద చప్పుడుకి భయం ముందే ఉంది, ఎవరూ నేర్పక్కర్లేదు. ఎలుకకి భయం లేదు. ఈ రెండింటినీ కలిపితే?

పదకొండు నెలలు వచ్చాక అదే చేశారు. ఎలుకని ముందు పెట్టారు, వాడు చెయ్యి చాపి ముట్టుకోగానే వెనకాల ఠంగ్‌మని కొట్టారు. ఆ రోజు రెండుసార్లు, వారం తర్వాత ఐదుసార్లు. మొత్తం ఏడు. ఆ తర్వాత చప్పుడు లేకుండా ఎలుకని మాత్రమే పెడితే, వాడు ఏడుస్తూ పక్కకి తిరిగిపోయి, పడిపోయి, మళ్లీ లేచి పాకుతూ పారిపోయాడు.

ఐదు రోజుల తర్వాత మళ్లీ చూశారు. చెక్క దిమ్మలు ఇస్తే హాయిగా ఆడుకున్నాడు. కుందేలుని పెడితే ఏడుపు. కుక్క దగ్గరా, బొచ్చు కోటు దగ్గరా అంతే. శాంటాక్లాజ్ మాస్క్ గడ్డానికి కూడా భయపడ్డాడు. అంటే భయం ఎలుక దగ్గర ఆగలేదు, మెత్తగా బొచ్చుగా ఉన్నవాటికి పాకింది. దీన్నే జనరలైజేషన్ అంటారు.

ఇది పిల్లలకే అనుకోకండి. నేను జాబ్‌లో ఉన్నప్పుడు రాత్రిళ్లు సర్వర్ పడిపోతే ఫోన్‌కి ఒక అలర్ట్ టోన్ వచ్చేది. జాబ్ మానేసి రెండేళ్లయింది. ఇప్పటికీ బస్సులో పక్కవాళ్ల ఫోన్‌లో ఆ టోన్ మోగితే నా కడుపులో దేవినట్టవుతుంది. సర్వర్ నాది కాదు, ఫోన్ నాది కాదు, అయినా సరే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చాలా వీడియోల్లో ఆల్బర్ట్ కథని ఇంతటితో ఆపేసి, "ఏ పిల్లాడికైనా ఏ భయమైనా నేర్పొచ్చు" అని తేల్చేస్తారు. పేపర్ చదివితే అంత శుభ్రంగా ఉండదు. ప్రయోగం చేసింది ఒక్క పిల్లాడి మీద. మధ్యలో భయం తగ్గినట్టుంటే మళ్లీ కడ్డీ కొట్టారు, కుందేలు, కుక్క ఉన్నప్పుడు కూడా కొట్టారు. పిల్లాడు బొటనవేలు నోట్లో పెట్టుకుంటే భయం పోయేదట. అందుకని వీళ్లు ఆ వేలు పదే పదే బయటికి లాగాల్సి వచ్చింది! నాకైతే ఆ మొత్తం పేపర్లో మనసుకి గుచ్చుకునే చోటు అదే. వాడు తనని తాను ఓదార్చుకుంటుంటే అది కూడా లాగేశారు.

పైగా అన్ని భయాలూ ఒకేలా అంటుకోవు. సుసాన్ మినేకా, మైకేల్ కుక్ అనే పరిశోధకులు 1980ల్లో కోతుల మీద పని చేశారు. ల్యాబ్‌లో పెరిగిన కోతులకి, వేరే కోతి భయపడుతున్న వీడియోలు ఎడిట్ చేసి చూపించారు. పాముని చూసి భయపడినట్టు చూపిస్తే ఇవి కూడా పాము బొమ్మకి భయపడటం నేర్చుకున్నాయి. పువ్వుని చూసి భయపడినట్టు చూపిస్తే నేర్చుకోలేదు. కొన్ని భయాలకి మెదడులో సగం పని ముందే అయిపోయి ఉంటుందన్నమాట.

ఈ ప్రయోగంలో ఇంకో విషయం గమనించండి. ఆ కోతుల్ని పాము ఏమీ చేయలేదు. చూసి నేర్చుకున్నాయి. మన పిల్లలూ అంతే. 1985లో వచ్చిన ఒక స్టడీలో ఏడాది పిల్లల్ని గాజు పలక మీద పాకించారు. మధ్యలో కింద చిన్న లోతు కనిపిస్తుంది. అవతల అమ్మ నవ్వుతూ నిలబడితే 19 మందిలో 14 మంది దాటేశారు. భయపడుతున్నట్టు ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ఒక్క మాట లేదు, ముఖం మాత్రమే. ఇంకో దారి మాటలు. మన ఇళ్లలో దీనికి కొదవలేదు కదా: బూచాడొస్తాడు, పోలీసోళ్లు పట్టుకెళ్తారు, అన్నం తినకపోతే డాక్టర్ సూది వేస్తాడు. అదే డాక్టర్ దగ్గరికి మర్నాడు ఎత్తుకెళ్లి "ఏం కాదు నాన్నా" అంటాం.

సరే, నేర్చుకున్న భయాన్ని పోగొట్టొచ్చా? ఆల్బర్ట్ విషయంలో ఆ ప్రయత్నమే జరగలేదు. పిల్లాడు ఆసుపత్రి నుంచి వెళ్లిపోతాడని వాళ్లకి నెల ముందే తెలుసు. అయినా ఊరుకున్నారు.

నాలుగేళ్ల తర్వాత, 1924లో, మేరీ కవర్ జోన్స్ ఆ పని చేశారు. పీటర్ అనే పిల్లాడికి దాదాపు మూడేళ్లు. కుందేలంటే హడల్. మొదట భయంలేని పిల్లల్ని కుందేలుతో ఆడనిచ్చి పక్కన వీణ్ణి ఉంచారు. బాగానే మారుతున్నాడు. ఇంతలో జ్వరమొచ్చి రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు, బయటికొస్తుంటే ఒక పెద్ద కుక్క మీదికి ఉరికింది. మొత్తం మొదటికొచ్చింది. అప్పుడు పద్ధతి మార్చారు. పీటర్ ఇష్టమైనది తింటుంటే కుందేలుని బోనులో పెట్టి, వాడు తినడం ఆపనంత దూరంలో ఉంచేవారు. రోజురోజుకీ కొంచెం దగ్గరికి. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా నవ్వుతూ ఉండేవాడు. దూది మీద, బొచ్చు కోటు మీద ఉన్న భయాలు కూడా తగ్గాయి. అయితే తొందరపడితే తిండి మీదే భయం పుట్టొచ్చని ఆమె అప్పుడే హెచ్చరించారు.

దీన్ని ఇంట్లో ఎలా వాడాలో మా అక్క కొడుకు ఉదాహరణతో చెప్తాను. వాడికి పంతొమ్మిది నెలలు. పదహారో నెల దాటాక వేసే బూస్టర్ టీకాలు వేయించారు. ఆ తర్వాత కటింగ్ షాపుకి తీసుకెళ్తే, మెడకి తెల్లగుడ్డ కట్టగానే షాపు అదిరిపోయేలా ఏడుపు. కటింగ్ ఆయన సూది పట్టుకున్నాడా? లేదు. నర్సు తెల్ల కోటు, ఈ తెల్లగుడ్డ, అంతే. మా బావ "గట్టిగా పట్టుకుంటే రెండు నిమిషాల పని" అన్నాడు. మళ్లీ సుత్తి దెబ్బ వేసినట్టే అది! అందుకని ఇంట్లోనే ఒక తెల్ల తువ్వాలు మెడకి చుట్టుకుని మా అక్క అన్నం తింటోంది, వాడికీ పెడుతోంది. వారం తర్వాత వాడే తువ్వాలు లాక్కుని చుట్టుకున్నాడు. ప్రస్తుతానికి షాపు బయట బల్ల మీద కూర్చుని అరటిపండు తినే దాకా వచ్చాం. జుట్టు మాత్రం కళ్ల మీద పడుతోంది, అమ్మమ్మ రోజూ తిడుతూనే ఉంది.