ఇంటికొచ్చే ఫార్మసిస్టు ఎందుకు మానేస్తాడు?

మందుల షాపులో ఫార్మసిస్టును మీరు చూసే ఉంటారు. అతడే రోగి ఇంటికి వెళ్తే? మన దేశంలో ఈ అలవాటు ఇంకా తక్కువే.

ఆ ఫార్మసిస్టు మీరే అనుకోండి. కోల్‌కతాలో శ్యాంబజార్ వైపు ఒక పాత మేడ. లిఫ్టు లేదు. పైన ఒంటరిగా ఒక వృద్ధురాలు. ఆమె మందుల డబ్బాలో ఇద్దరు డాక్టర్లు రాసిన రెండు బ్రాండ్లు. పేర్లు వేరు, లోపలి మందు మాత్రం ఒకటే: ఆమ్లోడిపిన్. రెండూ మింగితే రక్తపోటు మరీ పడిపోవచ్చు, పాదాలు వాయవచ్చు. ప్రమాదం మీకు తెలిసిపోయింది. కాని చీటీ మార్చే అధికారం మీకు లేదు. డాక్టరేమో ఫోను ఎత్తరు. ఇంకా నాలుగిళ్లు మిగిలే ఉన్నాయి!

అలసట మెట్లు ఎక్కడం వల్లేనా? స్వీడన్, అమెరికా ఉద్యోగుల వివరాలు పరిశీలించిన రాబర్ట్ కరాసెక్ 1979లో మరో సంగతి చెప్పాడు. పనిభారం ఎక్కువగా, నిర్ణయించే స్వేచ్ఛ తక్కువగా ఉన్నచోట మానసిక ఒత్తిడి తీవ్రమవుతుంది. అంతే భారం ఉన్నా స్వేచ్ఛ కూడా ఉంటే ఆ పనిలో మనిషి కొత్త నైపుణ్యాలు నేర్చుకుంటాడు.

ఒత్తిడికి తాళలేక ఒకరు మానేస్తే, ఆ ముసలమ్మ అలవాట్ల గురించి తెలిసినదంతా అతడితోనే పోతుంది. కొత్తవాడు డబ్బాను మళ్లీ మొదటినుంచి వెతకాలి. జీతం పెంచితే సరిపోతుందా? చాలదనే నా అభిప్రాయం. ఆస్ట్రేలియాలో 2001 నుంచి ఇలాంటి సందర్శనలకు ప్రభుత్వమే డబ్బు చెల్లిస్తోంది. అక్కడ ఫార్మసిస్టు రాసిన నివేదిక, అతణ్ణి పంపిన డాక్టరుకే చేరుతుంది.