డాల్డా డబ్బా మొదలు ఆరుద్ర పురుగు దాకా

1937లో బజారులోకి వచ్చిన డాల్డా వల్ల తెలుగిళ్లకు రెండు దక్కాయి: లోపలి వనస్పతి, బయటి డబ్బా. వనస్పతి అయిపోయాక డబ్బాలో పప్పులు పోసుకున్నారు. తుప్పు పట్టి అడుగు ఊడే వేళకు అది డాబా పిట్టగోడ ఎక్కి కనకాంబరం మొక్కకు కుండీ అయింది. పగిలిన బాల్చీలో తులసి, చిల్లుపడ్డ గిన్నెలో పుదీనా పెరిగాయి. ఇక పొలంలో దిష్టిబొమ్మ సంగతి సరేసరి. తాతగారి చొక్కా, బోర్లించిన పాత కుండ, దాని మీద సున్నం బొట్లు చాలు, బొమ్మ తయారు. ఈ పనికి ఒక పేరు పెట్టాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు అదే పని స్కూలు ప్రాజెక్టు వేషంలో ఇంటికి వస్తోంది. ‘పనికిరాని వస్తువులతో తోట అలంకరణ’ అని డైరీలో రాసుకొస్తారు పిల్లలు. పెద్దవాళ్లు స్టేషనరీ దుకాణానికి పరుగెత్తి కొత్త పేపరు కప్పులు, మెరుపు పొడి, థర్మోకోల్ షీట్లు కొనుక్కొస్తారు. మర్నాటికి ఆ కొత్త సరుకంతా చెత్తబుట్టలో పడుతుంది.

నిజానికి కొనాల్సిందల్లా కాస్త రంగు మాత్రమే. మిగతాది ఇంట్లోనే ఉంటుంది. ఒక గంటసేపు సోదాకు వదిలితే పిల్లలు నూనె డబ్బాలు, షాంపూ సీసాలు, కూల్‌డ్రింకు మూతలు, కొబ్బరి చిప్పలు, వంగిన చెంచాలు, జత తప్పిన చెప్పులు, పాట మరిచిపోయిన సీడీలు కుప్పపోస్తారు. ఆ కుప్పను ఏరడంలోనే సగం చదువుంది. తోటలో పెట్టే వస్తువు గాజు బీరువాలో బొమ్మలాంటిది కాదు, ఎండా వానా తట్టుకోవాలి. కాబట్టి ఏదైనా చేసే ముందు చిన్న పరీక్ష పెట్టాలి. తలా ఒక ముక్క తీసి ఒక రాత్రి నీళ్లలో నాననిచ్చి, మర్నాడు ఎండలో పడేయాలి. అట్ట ఉబ్బి విడిపోతుంది, మామూలు వాటర్‌కలర్ కడుక్కుపోతుంది. కొబ్బరి చిప్ప చెక్కుచెదరదు. ఏది నిలుస్తుందో పిల్లలు తమంతట తామే చెప్పేస్తారు.

ఎండ దెబ్బ మాత్రం ఒక్కరోజులో కనబడదు. పారదర్శకంగా ఉండే నీళ్ల సీసా బయట ఉండేకొద్దీ అతినీల లోహిత కిరణాలకు పెళుసెక్కుతుంది. దాంతో చేసిన పువ్వులు, గాలిమరలు కొన్ని నెలలే అందం. పొడిపొడిగా రాలకముందే దించి పాత సామాన్లవాడికి వేయడం మంచిది, లేకపోతే ఆ ముక్కలు మట్టిలో కలుస్తాయి. రాతకూ ఇదే చిక్కు. పెరుగు డబ్బాను పట్టీలుగా కోసి ‘గోంగూర’, ‘తోటకూర’ అని రాసి మడిలో గుచ్చితే ముచ్చటగా ఉంటుంది గానీ, చాలా రకాల మార్కర్ రాతను ఎండ తినేస్తుంది. ఇసుక కాగితంతో కాస్త గరుకు చేసి పెన్సిలుతో రాస్తే అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పెన్సిల్లో ఉన్నది గ్రాఫైట్, దానికి వెలిసే గుణం లేదు.

సీడీల మీద పిల్లలకు సహజంగానే మోజు. ఒక్కో సీడీ మీద పాటను దాచిన గాడి చుట్టలు చుట్టలుగా సుమారు 5 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. ఒక చుట్టకూ పక్క చుట్టకూ మధ్య ఎడం మైక్రోమీటరున్నర కంటే కొంచెం ఎక్కువ. అంత దగ్గరగా ఉన్న గీతల మీద పడ్డ వెలుతురు రంగులుగా విడిపోతుంది. జామచెట్టుకు వేలాడదీస్తే ఇంద్రధనుస్సు గోడంతా తిరుగుతుంది. పిట్టలు బెదిరిపోతాయంటారు గానీ నాలుగు రోజులకు అలవాటుపడి మళ్లీ కాయల మీద వాలతాయి. అలంకరణగా చూసుకుంటే బాధ లేదు. విరిచిన సీడీ అంచు మాత్రం కోసుకుపోతుంది కనుక నిండు బిళ్లలనే వాడాలి.

పిల్లల చేతులకు చిన్నవైపోయిన గాజులు మరో నిధి. నైలాన్ దారంతో కొబ్బరి చిప్పకు వరుసగా కట్టి వేలాడదీస్తే గాలికి గలగలమంటాయి. పగిలిన గాజులను పారేయక్కర్లేదని చండీగఢ్‌లో ఒక ఉద్యోగి నిరూపించాడు. నేక్ చంద్ అక్కడ రోడ్డు ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పాత ఊళ్లను కూల్చినప్పుడు మిగిలిన సామగ్రిని ఏరి, సుఖ్నా సరస్సు దగ్గర అడవిలో 1957 నుంచి రహస్యంగా బొమ్మలు చేయసాగాడు. పింగాణీ పెంకులు, ప్లగ్గులు, సాకెట్లు, గాజు ముక్కలు, ఏదీ వదల్లేదు. ప్రభుత్వ స్థలంలో అనుమతి లేని పని అది. 1970ల్లో అధికారుల కంటపడేసరికి కూల్చేస్తారనే అనుకున్నారు. చివరికి 1976లో దాన్ని జనానికి తెరిచారు. అదే రాక్ గార్డెన్. గాజు ముక్కలే చీరలుగా కట్టుకున్న ఆడవాళ్ల బొమ్మలు అక్కడ బారులు తీరి ఉంటాయి. నేక్ చంద్‌కు 1984లో పద్మశ్రీ వచ్చింది. 2015లో ఆయన కన్నుమూశారు.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో సైమన్ రోడియా అనే ఇటలీ వలస కూలీ 1921 నుంచి 1954 దాకా ఇలాగే ఒంటిచేత్తో వాట్స్ టవర్స్ కట్టాడు. సీసా పెంకులు, గవ్వలు, విరిగిన టైల్స్ అతికించాడు. వాటిలో కొన్ని చుట్టుపక్కల పిల్లలు ఏరి తెచ్చి ఇచ్చినవే.

ఆ పద్ధతి ఇంట్లో చిన్నఎత్తున సాధ్యమే. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ల ఇసుక ముద్దగా కలిపి పాత కుండీకి పట్టించి, ఆరకముందే మొద్దు అంచుల పెంకులు, గవ్వలు, మూతలు అదమాలి. ఆ తర్వాత వారం రోజులు రోజూ తడపాలి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కనుక చేతికి తొడుగులు తప్పనిసరి. పదునైన గాజు ముక్కలు పెద్దల పని. డబ్బా కోయడం, చిల్లులు పొడవడం, అంచు మడవడం కూడా అంతే. అంతవరకు చేశాక పెద్దలు పక్కకు తప్పుకోవాలి. ఈ సలహా పాటించడమే కష్టం. ముక్కు వంకరగా ఉందని సరిచేసిన క్షణం నుంచి ఆ బొమ్మ నాన్నది అయిపోతుంది.

కుప్పలోంచి కొన్నిటిని మాత్రం నిర్దాక్షిణ్యంగా తీసేయాలి. ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. పాత బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా బొమ్మలకు పనికిరావు.

ఏం చేయాలో తోచకపోతే ఋతువే చెబుతుంది. ఆరుద్ర కార్తెలో, తొలకరి వానలకు మట్టిలోంచి ఎర్రటి ముఖమల్ చుక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. పురుగుమందులు కొట్టే చోట అవి కనబడడం అరుదు. సీసా మూతలకు ఎర్రరంగు పూసి, బోర్లించి మొక్కల మొదళ్లలో పెడితే అచ్చంగా అవే. కాళ్లు ఎనిమిది వేయాలని ఎవరో ఒక పిల్ల తప్పక పట్టుబడుతుంది. అది సాలీడు బంధువు, లెక్క సరైనదే.

మూతలు బోర్లించమనడానికి ఇంకో కారణం ఉంది. డెంగీని మోసే ఏడిస్ దోమకు సీసా మూతలో నిలిచిన నీళ్లు కూడా చాలు. వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో శుక్రవారం నిలిచిన నీళ్లన్నీ ఒంపేసే ‘డ్రై డే’ పాటించమంటారు. తెలంగాణలో ఇదే పనికి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు కేటాయించమన్నారు. ప్రతి డబ్బాకూ, టైరుకూ అడుగున చిల్లులుండాలి. చిల్లు పెట్టలేని వాటిని వారానికోసారి ఒంపే బాధ్యత వాటిని చేసిన పిల్లలకే అప్పగించవచ్చు. ఏడిస్ గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందువల్ల నీళ్లు ఒంపేశాక లోపలి అంచుల్ని కొబ్బరి పీచుతో గట్టిగా తోమాలి.