సేవా సంస్థలో కొలువుకు వెళ్తున్నారా? ఆ డబ్బు దారి తెలుసుకోండి

డిగ్రీ ఫైనలియర్ పరీక్షలు అయిపోయాయి. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. హైదరాబాద్ వెళ్లి కోచింగ్‌లో చేరాలంటే గది అద్దెకే ఇంట్లోవాళ్లు అప్పు తేవాలి. సరిగ్గా ఇలాంటప్పుడే ఆసిఫాబాద్ బస్టాండ్ దగ్గర ఓ దోస్తు కలుస్తాడు. ‘ఏదో మిషన్‌వాళ్లు పిల్లల ప్రాజెక్టు పెట్టిండ్రట, ఫీల్డ్ స్టాఫ్ కావాలట, డిగ్రీ, బండి ఉంటే చాలట’ అంటాడు. విదేశీ దాతలు, అనాథ పిల్లల సేవ, నెలనెలా జీతం... వినడానికి బాగానే ఉంటుంది. వెళ్లొచ్చు కూడా. కాకపోతే ఆ డబ్బు ఏ దారిలో వస్తుందో, అక్కడ మీరు చేయాల్సిన పనేమిటో తెలిసి వెళ్లండి.

ఈ దారి కొరియా యుద్ధ కాలంలో బాగా విస్తరించింది. 1950లో అమెరికాకు చెందిన బాబ్ పియర్స్ వరల్డ్ విజన్ స్థాపించారు. 1952లో ఎవరెట్ స్వాన్సన్ అనే పాస్టర్ కొరియా వీధుల్లో దిక్కులేని పిల్లల్ని చూసి మొదలుపెట్టిన పనే తర్వాత కంపాషన్ ఇంటర్నేషనల్ అయింది. సూత్రం చాలా సులువు. ఎక్కడో ఉన్న ఒక కుటుంబం ఇక్కడి ఒక పిల్లనో పిల్లాడినో ఎంచుకుని నెలనెలా కొంత పంపుతుంది. బదులుగా వాళ్లకు ఫొటో, ఉత్తరం, చదువు వివరాలు వెళ్తాయి. దీన్నే చైల్డ్ స్పాన్సర్‌షిప్ అంటారు.

మన తెలుగు నేలమీద దీనికి పెద్ద ఉదాహరణ అనంతపురం. స్పెయిన్ నుంచి జెస్యూట్‌గా వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి ఆర్‌డీటీ ప్రారంభించారు. అది మత సంస్థ కాదు, కానీ అక్కడా నడిచింది స్పాన్సర్‌షిప్ పద్ధతే. స్పెయిన్ కుటుంబాలు పంపిన డబ్బును ఒక్కో ఇంటికి విడివిడిగా పంచకుండా బడులు, ఇండ్లు, ఆసుపత్రుల రూపంలో ఊరి మొత్తానికి ఖర్చు పెట్టారు. పిల్లాడి పేరున వచ్చిన డబ్బు పిల్లాడి చేతికే ఇస్తారని అనుకుంటే పొరపాటు. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న మీరే అడగండి: ‘మీ దగ్గర డబ్బు కుటుంబానికి ఇస్తారా, ఊరికి ఖర్చు పెడతారా?’ జవాబు చెప్పలేని సంస్థ అయితే ఆలోచించుకోండి.

ఇక రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. విదేశీ విరాళం తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ నుంచి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది 5 ఏళ్లకోసారి రెన్యువల్ కావాలి. 2020 సవరణ తర్వాత విదేశీ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, ఒక సంస్థ తీసుకున్నది మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. అంతకుముందు ఆ పరిమితి 50 శాతం. హైదరాబాద్‌లో ఒక పెద్ద సంస్థ తీసుకుని జిల్లాల్లోని చిన్న సంస్థలకు పంచే పద్ధతి దీంతో ఆగిపోయింది. మన దగ్గర ఉండేవి ఎక్కువగా ఆ చిన్న సంస్థలే కదా!

ఈ లెక్క ఎందుకంటే, కంపాషన్ సంగతే చూడండి. 48 ఏళ్లు మన దేశంలో పనిచేసింది. 2016లో హోంశాఖ దాన్ని ముందస్తు అనుమతి జాబితాలో పెట్టింది. 2017 మార్చిలో ఇక్కడి పని మూసేసింది. అప్పటికి దాని సాయం అందుకుంటున్న పిల్లలు సుమారు 1.45 లక్షల మంది. మతం మార్పిస్తోందని ప్రభుత్వం వైపు నుంచి ఆరోపణ, కాదని సంస్థ జవాబు. ఎవరిది ఒప్పో తేల్చడం ఈ పేజీ పని కాదు. ఆ పిల్లల ఫీజులు ఆగాయి, వందల సెంటర్లలో పనిచేసే టీచర్లు, వార్డెన్లు, ట్రాన్స్‌లేటర్లు ఒక్కసారిగా ఖాళీ అయ్యారు. మీరు చేరబోయే సంస్థ రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో ఎఫ్‌సీఆర్‌ఏ వెబ్‌సైట్‌లో చూడండి. ఇంటర్నెట్ సెంటర్‌లో పది నిమిషాల పని. ఒకే దాత మీద నిలబడిన సంస్థ అయితే, ఆ ఉద్యోగం చేస్తూనే ఇంకోటి వెతుక్కోవాలి.

స్థానికంగా కూడా చేతులు కలిస్తే పని నిలుస్తుందని మన ఉత్తర తెలంగాణే చూపించింది. నిజామాబాద్ రైల్లో వెళ్లేవాళ్లకు డిచ్‌పల్లి స్టేషన్ తెలుసు. అక్కడ 1915లో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టర్ కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. దానికి పెద్ద విరాళం ఇచ్చింది లండన్‌వాళ్లు కాదు, నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్. మెదక్‌లో కరువు కాలంలో పోస్నెట్ దొర ఉచితంగా అన్నం పెట్టకుండా చర్చి కట్టే పని ఇచ్చి కూలీగా తిండి పెట్టారు. 1924 డిసెంబర్ 25న ఆ చర్చి తెరిచారు. పనికి ఆహారం అనే మాట మనకు తర్వాత వచ్చింది కానీ, పని అప్పటిదే.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. ‘అనాథ’ అనే మాట.

డిగ్రీ అయిన కొత్తలో నేనూ ఒక సంస్థకు సర్వే ఫారాలు నింపాను. పేరెందుకులెండి. ఆసిఫాబాద్ చుట్టుపక్కల ఓ ఊళ్లో తండ్రి చనిపోయిన పాప వివరాలు రాస్తుంటే, వాళ్లమ్మ పత్తి ఏరి సంచి నెత్తిన పెట్టుకుని అప్పుడే ఇంటికొచ్చింది. ‘అనాథ అని రాయి, దాతలు తొందరగా దొరుకుతారు’ అన్నాడు మా సూపర్‌వైజర్. రాశాను. ఆ పాప పక్క జిల్లా హాస్టల్‌కు పోయింది. తల్లి కూలి మానుకుని బస్సెక్కి చూసి వచ్చేది. ఆ హాస్టల్ ఖర్చులో సగం ఇంటికి ఇచ్చినా పాప వాళ్లమ్మ దగ్గరే చదువుకునేది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. యూనిసెఫ్ లెక్కలో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ పిల్లల్ని అనాథలుగానే లెక్కిస్తారు. అందుకే పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఒక్క తల్లో తండ్రో బతికే ఉంటారని ప్రపంచవ్యాప్తంగా ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెబుతున్నారు. వాళ్లను ఇల్లు కదిలించింది చావు కాదు, పేదరికం.

కాబట్టి మంచి సంస్థ ఏదో గుర్తుపట్టడం సులువే. ఎంతమంది పిల్లల్ని చేర్చుకున్నామో చెప్పేది కాదు, ఎంతమందిని ఇంటికి పంపామో చెప్పేది. పిల్లల్ని ఉంచే ఏ ఆశ్రమమైనా జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టర్ కావాలి. లేకుంటే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దిక్కులేని పిల్లలు కనిపిస్తే 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. నేరుగా ఆశ్రమానికి తీసుకెళ్లొద్దు. 1098కు ఫోన్ చేయొచ్చు. ఫీజుకో రేషన్ సంచికో ప్రార్థనను షరతుగా పెట్టే చోట మాత్రం ఉండకండి. ఏ మతంవాళ్లు నడిపినా సరే.

ఇంటి దగ్గరే ఉంచి చదివించడానికి ప్రభుత్వ పథకమూ ఉంది. మిషన్ వాత్సల్య కింద తండ్రి లేని పిల్లలకు, బంధువుల ఇంట్లో పెరిగే అనాథలకు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. తిర్యాణి, కెరమెరి, లింగాపూర్ గూడేలకు వెళ్లి ఈ మాట చెప్పి, కాగితాలు పూర్తిచేయించేవాళ్లు కావాలి. మీరు చేరే సంస్థ ఇది చేయకపోయినా మీరు చేయించవచ్చు.

ఉద్యోగాలూ ఇక్కడే ఉన్నాయి. ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. కలెక్టరేట్ నోటీసు బోర్డు, జిల్లా వెబ్‌సైట్ చూస్తుండండి. కాంట్రాక్టు పోస్టులు. కేంద్రం మార్గదర్శకాల్లో సోషల్ వర్కర్, కౌన్సెలర్‌కు నెలకు 18,536, అవుట్‌రీచ్ వర్కర్‌కు 10,592, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు 27,804 రూపాయలు. గొప్ప జీతాలేం కావు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా. కానీ ఇక్కడ రెండేళ్లు ఫైళ్లు నడిపినవాళ్లను పెద్ద సంస్థలు పిలిచి తీసుకుంటాయి. పైకి వెళ్లాలంటే ఎంఎస్‌డబ్ల్యూ చేయాలి. ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. ఉస్మానియా, కాకతీయ వర్సిటీల్లో సీటుకు సీపీగెట్ రాయాలి. హైదరాబాద్‌లో టిస్ క్యాంపస్, రోడా మిస్త్రీ కాలేజీ ఉన్నాయి. ఊరు కదల్లేనివాళ్లకు ఇగ్నో దూరవిద్యలో ఉంది.

మీ దగ్గర హైదరాబాద్ కుర్రాడికి లేనిది ఒకటుంది. గోండి, కొలామి, మరాఠీ. ఇంట్లోనో పక్కింట్లోనో మాట్లాడే భాషను రెజ్యూమెలో రాయడానికి మనవాళ్లు సిగ్గుపడతారు! 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించింది ఆ భాష తెలిసినవాళ్లు బడిలో ఉండాలనే. పైనుంచి వచ్చిన మాట గూడెంలో అర్థం కావాలన్నా, గూడెంలో పిల్ల చెప్పింది దాత చదివే ఉత్తరంలో ఉండాలన్నా మధ్యలో మీరే ఉండాలి. రెజ్యూమెలో మొదటి వరుసలోనే ఆ భాషలు రాయండి.

చివరగా ఒక జాగ్రత్త. ‘ఎన్జీవోలో జాబ్, ట్రైనింగ్ ఫీజు 5,000 కట్టాలి’ అని ఫోన్ వస్తే కట్టేయండి... ఫోన్! సేవా సంస్థ మీకు జీతం ఇవ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. అపాయింట్‌మెంట్ లెటర్ మీద సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, జీతం, ప్రాజెక్టు ముగిసే తేదీ ఉన్నాయేమో చూసుకుని సంతకం పెట్టండి. ప్రాజెక్టు తేదీ అడిగితే మొహం మాడ్చుకునేవాళ్లు ఉంటారు. అయినా అడగండి.