పాము ఎందుకు బుసకొడుతుంది?

మహానంది దాటి నల్లమలలోకి ఎంత నడిచినా తోకతో గిలక ఆడించే పాము ఎదురుకాదు; ఆ జాతి అమెరికా ఖండాలదే. చప్పుడుతో హెచ్చరించే పాములు మాత్రం మనకూ ఉన్నాయి. రక్తపింజరి బుస కుక్కర్ ఆవిరిలా వినిపిస్తుంది. 1796లో పాట్రిక్ రస్సెల్ అనే పరిశోధకుడు మన పాముల మీద రాసిన పుస్తకంలో దీన్ని 'కాటుకరేకుల పొడ' అనే తెలుగు పేరుతోనే రాశాడు. ఎంత అందమైన పేరో! చిన్నపింజరిది మరో పద్ధతి: ఒళ్లు చుట్టలుగా మడిచి, రంపపు పళ్లలాంటి పక్క పొలుసులను ఒకదానికొకటి రాపాడించి గరగరమంటుంది. ఎందుకీ శ్రమ? విషం ఎలుకల కోసం దాచుకున్న సొత్తు. మింగలేని మనిషి మీద ఖర్చుపెడితే దండుగ. పైగా మన కాలికింద నలిగితే చావు తనదే. అంటే ఆ చప్పుడు కయ్యానికి పిలుపు కాదు, దూరంగా పొమ్మనడం. విన్నవాళ్లు నిలబడి, చప్పుడు ఎటునుంచో చూసుకుని, మెల్లగా వెనక్కి తగ్గితే చాలు.

మరి చప్పుడు చేయకుండా కాటేసే పాములు లేవా? ఉన్నాయి. ఎండుటాకుల రంగులో కలిసిపోయే పింజరి ముందు కదలకుండా ఉండటాన్నే నమ్ముకుంటుంది. కాలు మీద పడ్డాక బుసకొట్టే వ్యవధి ఉండదు. కట్లపాము రాత్రిపూట నిశ్శబ్దంగా తిరుగుతుంది. అందుకే చెవులతో పాటు బూట్లు, టార్చి కూడా కావాలి. కాటు పడితే తాడు బిగించకుండా, గాటు పెట్టకుండా, ఆ కాలిని కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడిచ్చే విరుగుడు మందు ఒక్కటే నాగుపాము, కట్లపాము, రెండు పింజరుల విషాలకూ పనిచేస్తుంది. పామును చంపి వెంట తీసుకెళ్లనక్కర్లేదు.