తాతగారికి 'స' ఎందుకు వినపడదు?

"తాతయ్యా, సంచి ఎక్కడ?" అంటే "కంచికా? ఎవరు వెళ్తున్నారు?" అంటారు. నవ్వకండి! ఆయనకు మాట వినపడింది, 'స' ఒక్కటే జారిపోయింది.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. అందులోని సుమారు 15,000 రోమకణాలు శబ్ద కంపనాలను నాడీ సంకేతాలుగా మారుస్తాయి. కాక్లియా ద్వారం దగ్గరి కణాలు ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనులను పసిగడతాయి. 'స', 'శ' ఆ కోవలోవే. సాధారణంగా ముందు చచ్చేవి ఆ కణాలే. వాటి స్థానంలో కొత్తవి పుట్టవు. (కోడికైతే పుడతాయి! మనకా అదృష్టం లేదు.) యాభై దాటిన నాకు కీచురాయి కూత ఈమధ్య పల్చబడింది.

తప్పంతా వయసుదేనా? అప్పటి సూడాన్‌లో, యంత్రాల రొద ఎరుగని మబాన్ తెగవారిని డాక్టర్ శామ్యూల్ రోజెన్ బృందం పరీక్షించి, 1962లో ఫలితాలు ప్రకటించింది. అక్కడి వృద్ధులు అదే వయసు అమెరికన్ల కంటే ఎంతో బాగా వినగలిగారు! వారి ఆహారం, వంశలక్షణం కూడా తోడ్పడి ఉండవచ్చుననుకోండి. పొగతాగడం, మధుమేహం, స్ట్రెప్టోమైసిన్ వంటి కొన్ని మందులు కూడా వినికిడిని దెబ్బతీస్తాయి.

అయితే మీ వయసులో చూసుకోవలసింది రొదనే. 85 డెసిబెళ్ల శబ్దానికి రోజుకు 8 గంటలు హద్దనుకుంటే, 88కి 4 గంటలే. 3 డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది మరి! పెళ్లి ఊరేగింపులో స్పీకరు పక్కన నడిచి ఇంటికొచ్చాక చెవిలో 'గుంయ్'మంటుందే, అది ఆ కణాలు దెబ్బతిన్న గుర్తు.