పెద్దలకు ఇంగ్లీషు నేర్పడం ఎలా?

హైదరాబాదు అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులకు కొదవ లేదు. అక్కడనే ఏముంది, చాలాచోట్ల పెద్దవాళ్లకు ఇంగ్లీషు పాఠం మొదలయ్యేది భాషాభాగాలతో, గో-వెంట్-గాన్ పట్టికలతో. బడిలో ఏళ్ల తరబడి అవే చదివీ నోరు పెగలక వచ్చినవాళ్లకు మళ్లీ అదే బడి. నెల తిరక్కుండా వాళ్లు మానేస్తే, మొక్కై వంగనిది మానై వంగునా అని నెపం వయసు మీదికి నెట్టేస్తాం. నిజానికి తేడా పాఠం మొదలుపెట్టిన చోటే వస్తోంది.

వయసు సంగతే ముందు చూద్దాం. నెదర్లాండ్స్‌లో డచ్చి నేర్చుకుంటున్న ఇంగ్లీషు మాతృభాషవాళ్లను పరిశీలించి కేథరిన్ స్నో, మరియన్ హోఫ్‌నాగెల్-హోలే 1978లో ఫలితాలు ప్రకటించారు. తొలి నెలల్లో చిన్నపిల్లలకన్నా కౌమారంలో ఉన్నవాళ్లూ పెద్దవాళ్లూ వేగంగా ముందుకెళ్లారు. వ్యాకరణం పట్టుకునే శక్తి పదిహేడేళ్లు దాటాక తగ్గుతుందని 2018లో సుమారు 6.7 లక్షల మందితో చేసిన మరో అధ్యయనం చెప్పింది. కాబట్టి నలభై ఏళ్లకు మొదలుపెట్టినవాళ్లు లండన్‌లో పుట్టినవాళ్లలా మాట్లాడకపోవచ్చు. మాట్లాడమని ఎవరడిగారు?

ఒక క్యాబ్ డ్రైవరునే తీసుకోండి. తెలుగూ హిందీ రాని ప్రయాణికుడు ఫోను చేస్తే ఆయనకు కావలసినవి నాలుగు ముక్కలు: ‘విచ్ గేట్ సార్?’, ‘ఐ యామ్ ఎట్ గేట్ టూ’, ‘టూ మినిట్స్’, ‘ఓటీపీ ప్లీజ్’. నేర్పేవాళ్లు ప్రయాణికుడి పాత్ర కట్టి, ఎదురుగా కాకుండా ఫోనులోనే, సైగలకు వీల్లేకుండా ఈ మాటల్నే పది రకాలుగా తిప్పి మాట్లాడిస్తే ఒక పూట పాఠం. మర్నాడే అది పనికొస్తుంది. గేటు, లొకేషన్, ఓటీపీ ఆయనకు ముందే వచ్చు. రానిదల్లా వాటిని వాక్యంలో కూర్చడం.

ఇలా ముక్కలు బట్టీ పట్టిస్తే వ్యాకరణం రాదనీ, తప్పులు పాతుకుపోతాయనీ కొందరి అభ్యంతరం. భయం నిజమే. వ్యాకరణం వద్దని కాదు, మాట వెనకాల రావాలంటున్నాను. ప్రతి తప్పూ దిద్దితే మనిషి నోరే విప్పడు. ‘హి గో’ అన్నా ఎదుటివాడికి అర్థమవుతుంది, అది ఆగొచ్చు. ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ తేడా తెలియకపోతే డబ్బు పోతుంది, అది ఇవాళే దిద్దాలి. క్లాసులో తెలుగు వినపడితే ఇంగ్లీషు రాదన్నది ఇంకో మాట. దీన్ని మాత్రం ఒప్పుకోలేను. ‘నాకు ఇద్దరు పిల్లలు’, ‘నాకు జ్వరం’ అనేచోట ఇంగ్లీషు ‘ఐ హ్యావ్’ అంటుందని తెలుగులో రెండు నిమిషాల్లో తేలిపోయేదాన్ని ఇంగ్లీషులోనే వివరిస్తూ గంట పోగొట్టడం ఎవరి మేలుకి?

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకు పద్ధతి వేరు, కాదనను. అక్కడ పరీక్షే అవసరం. కానీ అన్ని పరీక్షలూ పాండిత్యం కోరవు. అమెరికా పౌరసత్వ పరీక్షలో మూడు వాక్యాల్లో ఒకటి చదివి, మూడింట్లో ఒకటి రాస్తే ఆ రెండు భాగాలూ గట్టెక్కినట్టే. పిల్లల దగ్గర స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు నేర్పేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మీ ఇంట్లో అమ్మకో, పక్కింటి పిన్నిగారికో ఇంగ్లీషు నేర్పాలనుకుంటే మొదటి రోజు పుస్తకం తెరవకండి. ఈ వారంలో ఇంగ్లీషు ఎక్కడ అడ్డం పడిందో అడగండి, తెలుగులోనే చెప్పనివ్వండి, అక్కణ్నుంచి మొదలుపెట్టండి.