మీకు తెలుసా? తోకకు 10 డాలర్లు!

అమెరికాలో 1920లలో కాలేజీ కుర్రాళ్లకు రకూన్ అనే జంతువు తోలుతో చేసిన కోటంటే తెగ మోజు. 1970ల చివర్లోనూ ఆ తోలుకు మంచి గిరాకీ ఉండేది. 1980ల చివర్లో ధర పడిపోవడంతో బోనులు పెట్టి రకూన్లను పట్టేవాళ్లు తగ్గిపోయారు.

అది పక్షులకు చిక్కే: రాత్రిపూట తిరిగే ఈ జంతువుకు గుడ్లంటే ప్రాణం. నేల మీదే గుడ్లు పెట్టే అడవి టర్కీ సుమారు 28 రోజులు, బాబ్‌వైట్ కౌజుపిట్ట 23 రోజులు వాటిని పొదగాలి. ప్రతి రాత్రీ గండమే!

ఇలాగే నేల మీద గుడ్లు పెట్టే ఫెజంట్ పక్షుల గూళ్లను కాపాడేందుకు 2019లో సౌత్ డకోటా రాష్ట్రం రకూన్, స్కంక్ లాంటి గుడ్లు తినే జంతువుల తోక తెచ్చినవారికి 10 డాలర్ల చొప్పున ఇచ్చింది. అయితే ఈ పక్షులకు పెద్ద దెబ్బ గడ్డిభూములు తరిగిపోవడమే. ఒత్తుగా గడ్డి ఉంటే గూడు కనిపెట్టడం రకూన్‌కూ కష్టమే.